తోవల మనిషున్నది

మా వియ్యపురాలు చనిపోయిందన్న కబురు నాకు పొద్దున్నే, చింతపండు పిసుకుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది మా అల్లుడు. "అత్తమ్మా, అమ్మ పోయింది" అన్నాడు. అలాంటప్పుడు పెద్దవాళ్ళు అనాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, లెక్కలేనన్ని సంతాప సభల్లో మైకు పట్టుకున్నదాన్ని, నాకవన్నీ కంఠతా వచ్చు. అయినా నా నోట మొదట వచ్చిన మాట ఇది: "గేటు ఎవరైనా మూశారా?"

అల్లుడు ముక్కు ఎగబీలుస్తూ, "లేదు అత్తమ్మా. ఎవ్వలు ముట్టలే. బ్యాండు గట్లనే ఉన్నది" అన్నాడు.

"అయితే సరే" అన్నాను. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. చింతపండు చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఆ మంటకు ఇంకాస్త ఏడ్చాను. అందులో ఎంత దుఃఖమో ఎంత చింతపండో విడదీసి చెప్పలేను.

ఈ మాటలు చదివి మా ఇంట్లో అందరికీ మతి పోయిందని మీరనుకుంటే తప్పేమీ లేదు. మా అమ్మాయి రెండేళ్ళుగా అదే అంటోంది. కాబట్టి గేటేమిటో, బ్యాండేమిటో మొదట చెప్పాలి.

అది కంప్యూటర్లో ఆడే కోట ఆట. తెర మీద ఒక కొండ ఉంటుంది. అందులో వేలి గోరంత మనుషులు గుహలు తవ్వుకుని, గోధుమలు పండించుకుని, కుండలు చేసుకుని బతుకుతుంటారు. ఏడాదికో రెండేళ్ళకో ఒక దండు వచ్చి పడుతుంది. మనవాళ్ళకు కత్తి పట్టడం పెద్దగా రాదు. అందుకని గుంతలు, ఎత్తి దించే వంతెనలు, నీటి కాలువలు, కాలు పెడితే విరిగిపోయే నేలలు కట్టి దండును చిక్కించుకోవాలి. వాటన్నిటికీ లీవర్లుంటాయి. లీవరు గుంజమని మౌసుతో మనం హుకుం జారీ చేయవచ్చు గానీ, గుంజవలసింది లోపలి మనిషే. వాడు తీరిక చూసుకుని వస్తాడు. తింటూ ఉంటే తిని వస్తాడు. నిద్రపోతూ ఉంటే లేచి, ఒళ్ళు విరుచుకుని, అప్పుడొస్తాడు.

మొదటిరోజు ఇది చూసి మా వియ్యపురాలు మురిసిపోయింది. "అచ్చం మా రైల్వే లెక్కనే ఉన్నది వదినా!"

ఆవిడది రైల్వే ఉద్యోగం. భర్త సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. బండ్లు ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మారే చోట లీవర్లు గుంజే పని. ఆడది చేసినా ఆ పనికి పేరు పాయింట్స్‌మనే. చేరేనాటికి ఆవిడకు సైకిల్ బ్రేకు కూడా గట్టిగా పట్టడం రాదట. రిటైరయ్యేనాటికి అరచేతులు ఎంత బిరుసెక్కాయంటే, వేడి గిన్నె దించడానికి మసిగుడ్డ వెతికేది కాదు. సీతాఫల్‌మండిలో వాళ్ళ ఇంటి వెనకే పట్టాలు. కూర తరుగుతూ తరుగుతూ చెవి ఒగ్గి, "గిది లూప్ మీదికి పోతున్నది" అనేది. కిటికీలోంచి చూస్తే నిజంగానే బండి పక్క లైను మీద ఆగి ఉండేది. నేను చరిత్ర దాన్ని. నాకు జరిగిపోయినవే తెలుసు. ఆవిడకు రాబోయే బండి తెలిసేది.

మేమిద్దరం వియ్యపురాళ్ళం కావడం నాకు ఇష్టం లేదని ఇక్కడ దాచి లాభం లేదు. మాది గోదావరి పక్క నుంచి మా తాతగారి కాలంలో వచ్చి సికింద్రాబాద్‌లో చర్చికీ బడికీ మధ్య స్థిరపడ్డ కుటుంబం. వాళ్ళది దసరాకు ఆయుధపూజ చేసి లీవరుకు కూడా బొట్టు పెట్టే ఇల్లు. మా అమ్మాయి వాళ్ళ అబ్బాయినే చేసుకుంటానంది. నేను మూడు నెలలు మాట్లాడటం మానేశాను. నా మౌనం భయంకరమైన ఆయుధమని నేననుకున్నాను. ఇంట్లోవాళ్ళు దాన్ని సెలవుల్లా గడిపారని తర్వాత తెలిసింది.

రిజిస్టర్ పెళ్ళి. సాయంత్రం ఫంక్షన్ హాల్లో భోజనాలు. "పది నిమిషాలు కనబడి వచ్చేస్తాను" అని ప్రకటించాను. ఆ పది నిమిషాలు కూడా అందరూ తిని వెళ్ళిపోయాక కనబడాలని, మౌలాలిలో మా ఇంట్లో కూర్చుని రెండు చీరలు కట్టి విప్పి, మూడోది కట్టుకుని, రెండున్నర గంటలు ఆలస్యంగా వెళ్ళాను. చూద్దును కదా, హాల్లో జనమంతా కుర్చీల్లో బిగుసుకుని, మూతలు తీయని గిన్నెల వైపు చూస్తూ కూర్చున్నారు. ఒక్క విస్తరి వేయలేదు. ఒక ముసలాయన నన్ను పైనుంచి కిందికి చూసి, పక్కాయనతో, "ఈమె కోసమా?" అన్నాడు. ఆ 'ఈమె'లో ఉన్న ఆకలి ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పెళ్ళికొడుకు తల్లి జనంలోంచి తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "వచ్చినవా వదినా" అంది. వెనక్కి తిరిగి, "ఇగ వడ్డియ్యుండ్రి!" అని కేకేసింది.

"ఎందుకండీ ఆపించారు? నేను రాకపోయుంటే?" అన్నాను.

"తోవల మనిషుంటె లీవరెట్ల గుంజుతం?" అంది.

అప్పుడు నాకర్థం కాలేదు. వెటకారమనుకున్నాను. ఇంకో పదిహేనేళ్ళు అలాగే అనుకున్నాను. మొదటిరోజు నుంచీ ఆవిడ నన్ను 'నువ్వు' అనేది. నేను చివరిదాకా 'మీరు' అన్నాను. ఎవరు ఎవరిని దూరం పెట్టారో చదివేవాళ్ళే తేల్చుకోండి.

రెండేళ్ళ కిందట నా మోకాలికి ఆపరేషన్ అయింది. మా అమ్మాయి నన్ను సీతాఫల్‌మండికి తీసుకెళ్ళి, హాల్లో దివాన్ మీద పడుకోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టించింది. ఎదురుగా, గోడవారన, అల్లుడి కంప్యూటరు. అతనికి ఆఫీసు పని ఇంటినుంచే. పని అయ్యాక ఈ కోట ఆట. తల్లి వెనకాల నిలబడి చూస్తూ ఉండేది. ఒకనాడు దండు వచ్చి అతని కోటను అరగంటలో మట్టి కరిపించింది. ఆవిడ సాసర్లో టీ మిగలకుండా జుర్రి, సాసరు పక్కన పెట్టి, "లే బిడ్డా" అంది. అతను లేచాడు. మళ్ళీ ఆ కుర్చీ అతనికి ఆఫీసు వేళల్లో తప్ప దక్కలేదు.

కుర్చీ అన్నానే గానీ, దండు వచ్చిందంటే ఆవిడ నిలబడే ఆడేది. ముప్పై ఏళ్ళూ లీవర్ల ముందు నిలబడే ఉందట. కూర్చుంటే చెయ్యి ఆడదంది. ముందు చీర కొంగుతో తెర తుడిచేది. కళ్ళజోడు సర్దుకునేది. "ఆల్ రైట్" అనేది, ఎవరితోనో. అప్పుడు మొదలు.

మొదటి కోటలో ఆవిడ పన్నిన వల చూసి నేను నవ్వి నవ్వి కుట్లు ఊడుతాయేమోనని భయపడ్డాను. కోట ముందు పెద్ద గుంత తవ్వించి, పైన పలకలు పరిపించింది. అంతవరకు బాగుంది. తర్వాత గుంతకు అటూ ఇటూ ఎర్ర జెండాలు పాతించింది.

"వదినగారూ, గుంత ఉందని శత్రువుకు మనమే చెప్తామా?" అన్నాను.

"జెండ పెట్టకుంటె మనోళ్ళు పడరా?"

"శత్రువు చూడడా?"

"చూస్తె చూడని. గుంత తవ్వి జెండ పెట్టకుంటె సస్పెండ్ జేస్తరు."

దండు వచ్చింది. జెండాలు చూసింది. చుట్టూ తిరిగి లోపలికొచ్చింది. ఆ కోట అలా పోయింది.

రెండో కోటలో కాలువ తవ్వించింది. దండు నడవలోకి రాగానే గేటు మూసి, నీళ్ళు వదిలి, అందరినీ ఊడ్చేయాలని ఉపాయం. ఇది పనికొచ్చేదే. కానీ ఇక్కడ మా ప్రాణానికి ఒక కుమ్మరామె దాపురించింది. అందులో ఎవరి పని వాళ్ళకుంటుంది. ఈమె పని మట్టి తేవడం. కొండకింద చెరువుదాకా పోయి, ఒక తట్టెడు మట్టి ఎత్తుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేది. దండు వచ్చిందని నగారా మోగితే అందరూ లోపలికి పరిగెత్తుతారు. ఈమె మాత్రం తట్ట దించదు, పరిగెత్తదు. ఎటో చూస్తూ వస్తుంది.

నేను దివాన్ మీంచి అరిచాను. "మూసేయండి గేటు!"

"జెర ఆగు వదినా. గామె బయట్నే ఉన్నది."

"ఒక్కత్తి కోసం కోటంతా పోగొడతారా? వాళ్ళు బావి దాటేశారు!"

"తోవల మనిషుంటె ఎట్ల గుంజుతం?"

"ఆ మనిషి మనిషేనా? అంత సోమరిపోతును నా సర్వీసులో చూడలేదు. చావనివ్వండి. దాని కర్మ."

ఆవిడ నా వైపు తిరిగి, కళ్ళజోడు మీదుగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలను బట్టి తెలిసింది. ఎందుకు నవ్విందో తెలియలేదు. కుమ్మరామె వచ్చింది. ఆమె వెనకే దండూ వచ్చింది. ఆ తర్వాత నీళ్ళు వదిలితే ఊడ్చుకుపోయింది మా వంటిల్లు.

మూడో కోటకు నేనే నక్శా గీశాను. చదువుకున్నదాన్ని, కోటల గురించి పిల్లలకు ముప్పై ఏళ్ళు చెప్పినదాన్ని, మంచం మీంచి ఒక పాయింట్స్‌మన్‌కు సలహాలిస్తూ ఎంతకాలం ఊరుకుంటాను? గోల్కొండ తలుపుల్లాగా దారిని తిన్నగా పోనివ్వకుండా ఏడు మలుపులు తిప్పాను. మలుపు మలుపుకీ ఒక విరిగే నేల. పాత కోటలు కట్టినవాళ్ళు లేచొచ్చి చూసినా తప్పు పట్టలేని పని. దండు వచ్చింది. అంతా సిద్ధం. ఒక్క లీవరు గుంజితే చాలు. ఆవిడ మౌసు మీంచి చెయ్యి తీసేసి, తన జడ కొసనున్న నల్ల రబ్బరు బ్యాండు లాగి, మౌసుకు తొడిగింది.

"ఏమిటది?" అన్నాను.

అప్పుడు చెప్పింది. వాళ్ళ కేబిన్లో లీవర్లకు తొడిగే రింగొకటి ఉంటుందట. ఏ లైను మీదైనా బండో, పని చేసే మనిషో ఉంటే, ఆ లీవరుకు రింగు వేస్తారు. రింగున్నంతసేపు ఎంత పెద్ద ఆఫీసరొచ్చి గద్దించినా ఆ లీవరు ముట్టరాదు. వేసినవాళ్ళే తీయాలి. వాళ్ళ డ్యూటీ అయిపోతే, తర్వాత డ్యూటీకొచ్చినవాళ్ళకు చెప్పి, చేతిలో చెయ్యేసి అప్పగించి పోవాలి.

"ఇది ఆట, వదినగారూ!"

"ఆటైతె ఏందీ? తోవల మనిషున్నది."

కుమ్మరామె కోసమే. నా ఏడు మలుపులూ, నా విరిగే నేలలూ ఒక్కటీ పని చేయకుండానే మూడో కోట కూలింది. నేను రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ రోజూ మూడు పూటలా వచ్చి నా కాలు కింద దిండు సర్ది, "మాట్లాడకుంటె మానె, కాలు మంచిగ పెట్టు" అని పోయేది. మూడో రోజు మాట్లాడక తప్పలేదు. దిండు తప్పు వైపు సర్దుతోంది మరి.

మోకాలు బాగుపడి మౌలాలికి తిరిగొచ్చాను. వచ్చిన వారానికే మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం ఆటో ఎక్కి సీతాఫల్‌మండి పోవడం మొదలుపెట్టాను. అమ్మాయిని చూడటానికి వెళ్తున్నానని మా చర్చి వాళ్ళతో చెప్పేదాన్ని. అమ్మాయి ఆ వేళకు ఆఫీసులో ఉంటుంది. వెళ్ళగానే అలవాటు కొద్దీ దివాన్ మీదే, కాలు చాపుకుని కూర్చునేదాన్ని. అక్కడినుంచి తెర మీది మనుషులు కనబడతారు గానీ, వాళ్ళ నెత్తిన రాసున్న సన్నటి అక్షరాలు నా కళ్ళకు ఆనవు. దగ్గరికి కుర్చీ లాక్కుంటానంటే, "వద్దొద్దు, మోకాలు మడవకు" అనేది మా వియ్యపురాలు. నా మోకాలి మీద అంత ప్రేమ ఏమిటో అనుకునేదాన్ని.

నాలుగో కోట అలా మొదలైంది. ఈసారి ఆవిడ నెల రోజులు పాత క్యాలెండర్ కాగితాల వెనక ఎర్ర బాల్‌పెన్నుతో, నీలం బాల్‌పెన్నుతో గీస్తూనే ఉంది. నన్ను అడగలేదు. నేనే అడిగాను.

"ఈసారి దండును ఎలా ఆపుతున్నారు?"

"ఆపను."

"మరి?"

"దండు సుత ఒక బండే వదినా. బండిని ఆపుడు ఎందుకు? తోవ జూపియ్యాలె, పోతది."

ఆవిడ కట్టింది లూప్ లైను. గేటు దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి తిన్నగా కోటలోకి, మనవాళ్ళకు. రెండోది పక్కకు తిరిగి, మలుపులు తిరిగి, కొండను చుట్టి, బయట బావి దగ్గర తేలుతుంది. లీవర్లు సరిగ్గా వేస్తే దండు ఆ రెండో దారి పట్టి, లోపలికి వచ్చాననుకుంటూ బయటికి పోతుంది. గేటు తెరిచే ఉంటుంది కాబట్టి మళ్ళీ వస్తుంది. మళ్ళీ పోతుంది.

"శత్రువులకు వాకింగ్ ట్రాక్ కట్టిస్తున్నారా?" అన్నాను.

"నడవని. మోకాళ్ళకు మంచిది" అంది.

లీవర్లు మొత్తం ఏడు; ఆఖరిది గేటుది, మనవాళ్ళంతా లోపలికొచ్చాక, దండు కొండ వెనక ఉండగా మూయాలి. వేయవలసిన వరస తప్పితే బండ్లు గుద్దుకున్నట్టేనంది. ఆవిడ నంబరు చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి, అప్పుడే వేస్తుంది. "మూడో నంబరు." "మూడో నంబరు." "గట్టిగ చెప్పు, తోవ ఖాళీ ఉన్నదా?" "ఖాళీగా ఉందండీ!" ముప్పై ఏళ్ళు పిల్లల చేత వల్లె వేయించినదాన్ని, డెబ్బై దాటాక వల్లె వేశాను. ఒకసారి విసుగొచ్చి చూడకుండానే ఖాళీ అన్నాను. ఆవిడ మౌసు వదిలేసి నా వైపు తిరిగింది. "చూసి చెప్పు వదినా. నువు చూస్తున్నవనే నేను గుంజుతున్న" అంది. చిన్న మాటే. తర్వాత ఎప్పుడూ చూడకుండా చెప్పలేదు.

దండు వచ్చిన రోజునే ఆవిడకు ఆయాసం కూడా వచ్చింది. తెర మీద దండు బావి దగ్గరికి చేరింది. గేటు తెరిచి ఉంది. అందరూ లోపలున్నారు, కుమ్మరామె తప్ప. ఆవిడ ఆట ఆపి, జడలోంచి బ్యాండు తీసి మౌసుకు తొడిగి, అప్పుడు ఆసుపత్రికి బయల్దేరింది. జడ విడిపోయి, వీపు మీద జుట్టు చెదురుగా పడి, ఆటో ఎక్కుతూ కూడా వెనక్కి తిరిగి కొడుకుతో, "ముట్టకుండ్రి" అంది.

మర్నాడు ఆసుపత్రిలో నేను పక్కన కూర్చుంటే చెయ్యి చాపింది. ఆ బిరుసు చెయ్యి నా చేతిలో పెట్టి, "ఇగ నీ డ్యూటీ" అంది.

"ఏం మాటలవి? మీరొచ్చి ఆడుకోండి."

"పరేషాన్ గాకు. కాయితం ఉన్నది. గామె లోపటికొచ్చినంకనే గేటు గుంజు. ముందుగాల గుంజకు. నీకు తొందరెక్కువ."

"సరే" అన్నాను.

"గట్టిగ చెప్పు."

"ఆమె లోపలికొచ్చాకే గుంజుతాను." వార్డులో అందరూ మా వైపు చూశారు. ఆవిడ తృప్తిగా కళ్ళు మూసుకుంది. ఆ రాత్రి గడిచింది. ఇంకో రాత్రి గడవలేదు.

పదకొండో రోజు దాకా ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. ఫొటోకు దండ వేసి, దీపం పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేక కంప్యూటరు బల్ల మీదే పెట్టారు. పక్కనే బ్యాండు తొడిగిన మౌసు. ఎవరో ఒకామె అది తీసి దీపం సర్దబోతే, మా అమ్మాయి, నేను, అల్లుడు ముగ్గురం ఒక్కసారే "ముట్టకండి!" అని అరిచాం. ఆమె అది ఏదో తాయెత్తనుకుని దండం పెట్టి తప్పుకుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా ఫొటోకూ మౌసుకూ కలిపే దండం పెట్టారు. మేమేమీ అనలేదు.

చుట్టాలు వెళ్ళిన మర్నాడు సాయంత్రం, అల్లుడు ఫొటో గోడకు తగిలించి, కుర్చీ తుడిచాడు. "అత్తమ్మా, మీరే కూసోండ్రి" అన్నాడు. మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాను. దగ్గరి చూపు కళ్ళజోడు పెట్టుకుని, ముందు కాగితం చదివాను. ఎర్ర అక్షరాలు, నీలం అక్షరాలు, ఒకటి నుంచి ఆరు దాకా ఏ లీవరు ఎప్పుడో. మలుపుల దగ్గర 'వదినె ఏడు మలుపులు' అని రాసుంది. మూడో కోటలో నేను గీసిన నక్శాను పారేయలేదన్నమాట. లూప్ లైనుగా వాడుకుంది. కింద చివరి వరస: 'ఏడు, గేటు. వదినె లోపటికొచ్చినంక.'

నేను రెండుసార్లు చదివాను. తెర వైపు చూశాను. బయట, తట్ట నెత్తిన పెట్టుకుని, కదలకుండా ఆగి ఉంది కుమ్మరామె. ఆమె పైన ఇంగ్లీషు అక్షరాల్లో సన్నగా ఒక పేరు. కూడబలుక్కున్నాను. అత్తమ్మ.

"ఏమిటి నాయనా ఇది?" అన్నాను.

అల్లుడు వంటింటి వైపు చూశాడు. అతన్ని కాపాడే తల్లి అక్కడ లేదు. "అంటే అత్తమ్మా... షురూల అందరికీ ఇంట్లోల్ల పేర్లు పెట్టిన. కొత్త కోట షురూ జేసినప్పుడల్లా అమ్మ అవే పెట్టిపిచ్చేది."

"బాగుంది. మీ అమ్మ ఎవరు?"

"అమ్మ... లీవర్లు గుంజే ఆమె."

"నువ్వు?"

"సేనాపతి."

"నేను మట్టి మోసేదాన్ని."

"మార్చుదమనుకున్న అత్తమ్మా. అమ్మ వద్దన్నది. 'ఉండనీ, మంచిగ నడుస్తున్నది' అన్నది."

అంటే, ఏడాదిన్నర పాటు దివాన్ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, సోమరిపోతన్నది నన్ను. చావనివ్వండన్నది నన్ను. ఒక్కత్తి కోసం కోటంతా పోగొడతారా అని అడిగింది నా గురించి. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది అందుకు. నా మోకాలి మీద ప్రేమా అందుకే. కోట తర్వాత కోట కూలింది. ఒక్కసారైనా చెప్పి ఉంటే నా నోరు మూతపడేది కదా అనుకున్నాను. మరుక్షణమే, చెప్పి ఉంటే గేటు మూయించి తీరేదాన్ని అనుకున్నాను. నా మీద నాకు జాలి ఎంత తక్కువో ఆవిడకు తెలుసు.

గోడ మీద ఫొటో వైపు చూశాను. "ఆల్ రైట్" అన్నాను. బ్యాండు తీసి మణికట్టుకు వేసుకుని, మోకాలు అరుస్తున్నా నిలబడ్డాను.

ఆట మళ్ళీ కదిలింది. "ఒకటో నంబరు" అన్నాను. అల్లుడు వెనకనుంచి, "ఒకటో నంబరు. తోవ ఖాళీ" అన్నాడు. "చూసి చెప్పు" అన్నాను. "చూసిన అత్తమ్మా." రెండు, మూడు. దండు గేటు దాటి లోపలికొచ్చింది. నాలుగు. దండు నాయకుడు చీలిక దగ్గర ఆగాడు, అటూ ఇటూ చూశాడు, పక్క దారి పట్టాడు. వాడి వెనకే అందరూ. అయిదు, ఆరు. నా ఏడు మలుపులూ ఒక్కొక్కటే తిరిగి, కొండ చుట్టి, బావి దగ్గర బయటపడ్డారు. ఎదురుగా తెరిచిన గేటు చూసి, కొత్త ఉత్సాహంతో మళ్ళీ లోపలికి దూకారు. మా అమ్మాయి వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది.

దండు రెండో చుట్టులో కొండవెనక ఉన్నప్పుడు కుమ్మరామె గేటు చేరింది. తట్ట దించలేదు, పరిగెత్తలేదు. ఎటో చూస్తూ, తిన్నని దారిన, ఏమీ జరగనట్టు లోపలికి నడిచింది.

"ఎంత నెమ్మదమ్మా!" అంది మా అమ్మాయి. "అచ్చం..."

"నోర్ముయ్" అన్నాను. "ఏడో నంబరు!"

"ఏడో నంబరు!" అన్నాడు అల్లుడు.

హుకుం ఇచ్చాను. గుంజవలసినావిడ కదల్లేదు. ఎక్కడుందా అని వెతికితే, వంటశాలలో తింటోంది. నెత్తిన 'అమ్మ' అని రాసుంది. ముద్ద ముద్దనూ ఆస్వాదిస్తూ తింటోంది. ఆవిడ తిని, చెయ్యి కడుక్కుని, లేచి, లీవరు దాకా రావాలి. మేం ముగ్గురం చూస్తున్నాం. వచ్చింది. లీవరు మీద చెయ్యి వేయబోతోంది.

ఈలోగా కుమ్మరామె కుమ్మరి ఆవం దగ్గర మట్టి దించింది. ఒక్క క్షణం నిలబడింది. ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని, వెనక్కి తిరిగి, గేటు దాటి, చెరువు వైపు బయల్దేరింది.

నేను హుకుం రద్దు చేసి, ఆట ఆపి, మణికట్టు మీది బ్యాండు తీసి మౌసుకు తొడిగాను.